చాటుగా దంచిన చిమ్మిలి

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, విడవనూ లేదు. ఎగువన పాపికొండల దిక్కుగా మబ్బు పేరుకుని, అదిలించినా లేవని గేదెలా కదలకుండా పడుంది. తూర్పున మేడల వెనక కాస్త వెలుగు చీలింది గానీ, చూస్తుండగానే పూడుకుపోయింది. నర్సింగ్ హోం మేడ మీద గది కిటికీలోంచి చూస్తే రెండు ఇళ్ల సందున గోదారి ముక్క ఒకటి కనబడుతుంది. శ్రావణమాసపు వరద. నీరు ఎర్రగా, ఒత్తుగా, చప్పుడు లేకుండా పోతోంది.

సూర్యకళ కిటికీ ఊచ పట్టుకుని ఆ ముక్క వైపే చూస్తోంది.

నిడదవోలు అవతల ములగలపాలెం నుంచి ఆమె, మొగుడు సత్తిరాజు, ఒక్కగానొక్క కూతురు దుర్గాశ్రీ నిన్న పాసింజరులో రాజమండ్రి వచ్చి ఈ గదిలో దిగారు. వాళ్లని వెంటబెట్టుకొచ్చింది నిడదవోల్లో ఉండే సత్తిరాజు అక్క మాణిక్యాంబ. ఎందుకు తీసుకొచ్చిందో కిందటి వారం చదివినవాళ్లకి తెలుసు. చదవనివాళ్ల కోసం నాలుగు మాటలు.

దుర్గాశ్రీకి పదమూడేళ్లు. ఒళ్లు వయసుతో పాటు ఎదిగింది. బుద్ధి మాత్రం దాని నడక అది నడుస్తోంది. మాటలు ఒక్కొక్కటే వస్తాయి. ఊళ్లో బడివాళ్లు చేర్చుకోం పొమ్మంటే, కొత్తగా బదిలీ అయి వచ్చిన ప్రసన్నకుమారి టీచరు వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. ఆ బల్ల మీదే ఆషాఢంలో ఒకనాడు పిల్ల పెద్దమనిషైంది. టీచరు గోడకున్న దేశపటం బట్ట తీసి పిల్ల నడుముకి చుట్టి, రిక్షాలో ఇంటికి తెచ్చి దింపింది.

ఆ కబురు గడప దాటలేదు. ఆడపిల్ల పెద్దమనిషైతే తాటాకు చాప వేసి కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసి, పేరంటాళ్లని పిలిచి పాటలు పాడించుకునే ఊరది. మేనత్త చీరా గాజులూ పట్టుకుని ముందు నడవాలి. ఆ మేనత్తే, "ఇలాంటి పిల్లకి పేరంటం ఏంటే? పిలిస్తే చిమ్మిలి తినడానికి రారు, చూసి నవ్వడానికొస్తారు" అంది. సూర్యకళ తలుపు వేసుకుని, రోటి కింద గోనె పరిచి, చప్పుడు బయటికి పోకుండా చిమ్మిలి దంచింది. గోడవతలి ఇంటి ఇల్లాలు చిన్నమ్మాయి, "ఏం దంచుతున్నావు సూర్యకళా, వీధంతా కమ్మటి వాసన?" అని అడిగితే, "కూరలోకి నువ్వులపొడి" అంది. తల్లి, కూతురు చీకటి గదిలో కూర్చుని ఆ ముద్దలు తిన్నారు.

పొరపాటు అక్కడ జరిగింది. ఒక సంగతి జరగనే లేదన్నట్టు దాచేశాక, దాన్ని మొదలంటా తీసి పారెయ్యడం పెద్ద పనిగా కనబడదు. బడి మానిపించారు. నెలలోపే మాణిక్యాంబ రాజమండ్రి వచ్చి డాక్టర్ని మాట్లాడింది. "గర్భసంచి తీయించేద్దాం. బట్ట మార్చుకోవడం కూడా రాని పిల్ల. నెలనెలా ఎన్నేళ్లు చేస్తావే నువ్వు?" అంది. సూర్యకళ తలూపింది.

ఆ ఆపరేషను ఇవాళే.

"దుర్గాశ్రీ తాలూకా మీరేనాండీ?" అంటూ ఆయా తలుపు తోసింది.

"ఆయ్, మేమేనండి" అంది మాణిక్యాంబ, మంచం మీంచి లేస్తూ.

"పాపకి మంచినీళ్లు కూడా పట్టకండి. డాక్టరమ్మగారు వచ్చే వేళైంది. కడుపులో ఏమున్నా మత్తిచ్చేటప్పుడు ప్రాణం మీదకొచ్చుద్ది. పెట్టారంటే ఆవిడ ఇవాళ కత్తి పట్టుకోరు, ముందే చెబుతున్నాను."

"మాకు తెలీదాండీ. రాత్రి నుంచీ ఏమీ పెట్టలేదు."

ఆయా వెళ్లిపోయింది. మాణిక్యాంబ జుట్టు ముడేసుకుంటూ, "తమ్ముణ్ణి టిఫిన్ తెమ్మని పంపాను. పిల్లకెదురుగా విప్పకు, మనం వరండాలో తినేద్దాం. రక్తం అవసరమైతే ఇస్తాడని మా భాస్కర్నీ రమ్మన్నాను. మోటారుసైకిలేసుకుని తెల్లారకుండా బయల్దేరుంటాడు" అంది.

అన్నీ ఆలోచించే మనిషి మాణిక్యాంబ. మొగుడు పోయాక పొలాలు, నిడదవోల్లో డాబా, కొడుకు ఉదయభాస్కర్ చదువు, అన్నీ ఒంటి చేత్తో నడిపింది. సత్తిరాజు సాగు చేసుకునే పొలం కూడా ఆవిడదే. ఆవిడ చెప్పాక ఆ ఇంట్లో ఇంకొకరు మాట్లాడటం సూర్యకళ కాపరానికి వచ్చినప్పటి నుంచీ వినలేదు.

దుర్గాశ్రీ లేచింది. లేచి మంచం మీదే కాసేపు కూర్చుంది. లంగా వెనక్కి లాక్కుని చూసుకుంది. అక్కడ మరక.

సూర్యకళ కిటికీ ఊచ వదిలేసింది. మొదటి నెల ఆ మరక చూసి పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. పట్టుకోబోతే కొరికింది. ఇప్పుడు ఇంత మందున్న చోట మళ్లీ ఆ గోల పడాలి. గబగబా దగ్గరికి వెళ్లబోయింది.

దుర్గాశ్రీ అరచెయ్యి అడ్డంగా ఎత్తింది.

"నేనే" అంది.

మంచం కింద నుంచి తన గుడ్డసంచి లాగింది. "సంచి" అంది తనలో తనే. మడత బట్ట తీసింది. "బట్ట" అంది. పక్కనున్న బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సూర్యకళ తలుపుకి చెవి ఆనించి నిలబడింది. లోపల బకెట్టు జరిగింది. "నీళ్లు" అని వినబడింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బండ మీద బట్ట రుద్దే చప్పుడు. "సబ్బు."

ఆ వరస ఎవరిదో సూర్యకళకి తెలుసు. బడి మానిపించిన మర్నాటి నుంచి ప్రసన్నకుమారి టీచరు మధ్యాహ్నం పూట పెరటి దోవన వచ్చి, గుడ్డబొమ్మ ఒకటి ముందు పెట్టుకుని పిల్లతో అవే మాటలు చెప్పించేది. "ఒక్క నెల ఆగండమ్మా. నేర్పుతాను. రాకపోతే అప్పుడు మీ ఇష్టం" అనేది. చదువుకున్న మనిషి ముచ్చట, పోనీలే అనుకునేది సూర్యకళ. బొమ్మకి బట్ట కట్టినంత మాత్రాన ఒంటికి కట్టుకోవడం వస్తుందా అని వంటింట్లో కూర్చుని నిట్టూర్చేది.

తలుపు తెరుచుకుంది. దుర్గాశ్రీ లంగా మార్చుకుని, పిండిన బట్ట చేత్తో పట్టుకుని వచ్చింది. పిండడం సరిగ్గా కుదరక గదంతా నీళ్లు కారుతున్నాయి. తల్లిని దాటుకుని తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి, ఊచల మీద బట్ట ఆరేసింది. మెడ చాచి పైకి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది.

"ఎండ ఏదమ్మా?"

సూర్యకళ కూడా తలెత్తి మబ్బు వైపు చూసింది.

"అయ్యో అయ్యో, ఇదేం పనే!" మాణిక్యాంబ పరిగెత్తుకొచ్చింది. "రోడ్డు మీద పోయేవాళ్లంతా చూస్తారు. తియ్యి ముందు! ఏ చాటునో వెయ్యాల్సిన బట్ట."

"ఎండ" అంది దుర్గాశ్రీ, బట్ట గట్టిగా పట్టుకుని. "టీచరు చెప్పింది. ఎండ."

"ఎండెక్కడ ఏడిచిందే నీ మొహం, మబ్బు పట్టి చస్తుంటే!"

"వస్తుంది" అంది పిల్ల.

మాణిక్యాంబ బట్ట లాగబోయింది. సూర్యకళ ఆ చేతిని పట్టుకుంది. వదిన చెయ్యి పట్టుకోవడం ఆమెకి అదే మొదటిసారి. పట్టుకున్నాక తనే భయపడి వదిలేసింది.

"ఉండనివ్వండి వదినా. దానికొచ్చేసింది."

"ఏం వచ్చేసింది?"

"మార్చుకోవడం. నేను చెయ్యి వెయ్యలేదు. ఉతుక్కుంది కూడా."

"ఏదో ఒకసారి కుదిరిందిలే."

"నాకూ మొదట ఒకసారే కుదిరుంటుంది. అంతమాత్రాన మా అమ్మ నన్ను తీసుకెళ్లి కోయించలేదు."

మాణిక్యాంబ ఆమెని పైనుంచి కిందికి చూసింది. "ఏంటే, నోరు లేచింది? నిన్న రైల్లో నిడదవోలు నుంచి ఇక్కడిదాకా మూగనోము పట్టినదానిలా కూర్చున్నావు గదా!"

"బట్ట మార్చుకోలేదు, అందుకే తీయించేద్దాం అన్నారు మీరు. ఇప్పుడు మార్చుకుంది. ఇంకెందుకు మరి?"

"డాక్టరమ్మని పిలిపించి, మావాళ్లకి మనసు మారిందండీ అని చెప్పమంటావా? మర్యాదేనా అది?" మాణిక్యాంబ గొంతు మార్చింది. "చూడు సూర్యకళా. మీ గోడవతల చిన్నమ్మాయి తీయించుకోలేదా? ఏమైంది? తిరుగుతోందిగా."

"బిందె ఎత్తలేకపోతోంది. చిన్నకూతురు చెయ్యందిస్తే గానీ లేవలేకపోతోంది. అదీ ముగ్గురు బిడ్డలు పుట్టాక తీయించుకుంది. ఇది పదమూడేళ్ల పిల్ల వదినా."

"నువ్వు పోయాక దీన్ని ఎవరు చూస్తారో ఆలోచించావా ఎప్పుడైనా?"

"గర్భసంచి తీసేస్తే ఎవరైనా చూస్తారా?"

మాణిక్యాంబ గుమ్మం దాకా వెళ్లి వరండాలోకి తొంగి చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. సూర్యకళ భుజం పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. దుర్గాశ్రీ కిటికీ దగ్గరే నిలబడి ఎండ కోసం చూస్తోంది.

"పిచ్చిదానా" అంది మాణిక్యాంబ గొంతు తగ్గించి. "నా బాధ బట్ట గురించనుకున్నావా? ఒళ్లు చూడు దానిది. ఎవడు పిలిచినా నవ్వుకుంటూ పోద్ది. పిప్పరమెంటు బిళ్ల ఒకటి ఇస్తే చాలు, వెనకాలే పోద్ది. రేపు ఎవడైనా ఏదైనా చేస్తే? కడుపొస్తే? ఫలానా వాడని చెప్పగలదా అది? కేసు పెడతావా నువ్వు? మన ఇళ్లల్లో ఎవరైనా తలెత్తుకుంటారా?"

సూర్యకళకి ఆ మాటల అసలు అర్థం తెలియడానికి కొంత సేపు పట్టింది. వదిన నోటి నుంచి వచ్చిన మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని చూసుకుంది.

"గర్భసంచి లేకపోతే ఆ వచ్చేవాడు రాడా వదినా?"

మాణిక్యాంబ మంచం మీది దుప్పటి ముడతలు సవరించసాగింది.

"వస్తాడు. వచ్చినా బయటపడదు. అంతేగా మీరు చెప్పేది? అది ఏడిచినా మనకి తెలియదు. తెలిసినా ఊరికి తెలియదు. దాని కోసం నా పిల్లని కోయిస్తారు."

"మెల్లిగా! గోడలకి అవతల మనుషులున్నారు."

"మెల్లిగా చిమ్మిలి దంచాను. మెల్లిగా బడి మానిపించాను. ఎవరూ చూడకుండా తెల్లారగట్ల కాలవ గట్టునే స్టేషనుకి తీసుకొచ్చాను." సూర్యకళ గొంతు తగ్గలేదు. "ఇంకా ఎంత మెల్లిగా బతకమంటారండీ దాన్ని?"

మాణిక్యాంబ మొహం ఎర్రబడింది. ఆవిడకి దెబ్బ తగిలింది. నిజంగానే తగిలింది, ఎందుకంటే ఆవిడ తను చేస్తున్నది మేలే అనుకుంటోంది.

"నాకు దాని మీద ప్రేమ లేదనుకుంటున్నావా? కన్నావన్న మాటే గానీ, నీకేం తెలుసే? వేసవి సెలవలకి మా ఇంటికి పంపించావు గుర్తుందా? పంపించి నువ్వు హాయిగా కోతలు చూసుకున్నావు. రోజూ నా పక్కలో పడుకోబెట్టుకుని, గదికి లోపల గెడ పెట్టి, గెడకి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని పడుకున్నాను. ఒక్క రోజు నాకు కంటి నిండా నిద్ర లేదు. నీకంటే ఎక్కువ కాపలా కాశాను నీ పిల్లకి!"

చెప్పేసి ఊపిరి పీల్చుకుంది.

గదిలో పంకా తిరుగుతోంది. కిటికీ ఊచల మీది బట్ట నుంచి చుక్క చుక్కగా నీళ్లు కిందపడుతున్నాయి.

సూర్యకళ నిడదవోల్లో వదినగారి డాబాని మనసులో తలుపు తలుపుగా తెరుచుకుంటూ వెళ్లింది. ఎత్తైన ప్రహరీ. ఇనప గేటు. వీధి తలుపుకి అడ్డకర్ర. వెనక తలుపుకి గొళ్లెం. పనిమనిషి పొద్దుగుంకకుండా వెళ్లిపోతుంది. అద్దెకెవరూ లేరు. ఆ ఇంట్లో ఉండేది వదిన. వదిన కొడుకు.

ఉదయభాస్కర్ దుర్గాశ్రీకి మేనత్త కొడుకు. బావ వరస. వేరే ఇళ్లల్లో అయితే పిల్ల ఉయ్యాల్లో ఉండగానే "నా కోడలు, నా కోడలు" అని మేనత్తలు ఎత్తుకు తిరుగుతారు. బావని చూపించి మరదల్ని ఏడిపిస్తారు. దుర్గాశ్రీ విషయంలో ఆ వేళాకోళం ఎవరూ ఆడలేదు. మాణిక్యాంబ ఒక్కసారైనా పిల్లని కోడలా అని పిలవలేదు. వరస ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. సూర్యకళా మరిచిపోయింది. అందుకే ధైర్యంగా పంపించింది.

"వీధి తలుపుకి అడ్డకర్ర వేస్తారు కదా వదినా?"

"వేస్తాం. వెయ్యరా మరి?"

"అది వేశాక లోపల మీరూ, భాస్కరూ తప్ప ఇంకెవరుంటారు?"

మాణిక్యాంబ చీర కొంగు చివర పట్టుకుని చూపుడువేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. ఊరంతా భయపడే మనిషి, దొంగతనం చేసి దొరికిపోయిన చిన్నపిల్లలా నేల చూస్తోంది.

"ఎవరికి తాళం వేశారు వదినా?"

"ఏమీ జరగలేదే" అంది మాణిక్యాంబ. ఆ గొంతు ఆవిడది కాదనిపించింది. "మా అమ్మ మీద ఒట్టు, సూర్యకళా. ఏమీ జరగలేదు. జరక్కముందే నేను..."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మాట అక్కడే తెగిపోయింది.

తలుపు తోసుకుని సత్తిరాజు వచ్చాడు. చినుకులు పడుతున్నట్టున్నాయి, తలా భుజాలూ తడిసి ఉన్నాయి. చేతిలో సంచి. ఆకులో కట్టిన ఇడ్లీల ఆవిరి వాసన గదిలోకి వచ్చింది. దుర్గాశ్రీ కిటికీ దగ్గర నుంచి గిరుక్కున తిరిగింది.

"నాన్నా, ఆకలి."

"వరండాలోకి పద తమ్ముడూ" అంది మాణిక్యాంబ గబగబా. "పిల్లకెదురుగా వద్దు."

సత్తిరాజు వరండాలోకి వెళ్లలేదు. గదిలో ముగ్గురి మొహాలూ చూశాడు. కిటికీ ఊచల మీది బట్ట చూశాడు. దాన్ని చూసి మొహం తిప్పుకోలేదు. అది ఎవరు ఉతికి ఆరేశారో ఎవరూ చెప్పలేదు. కింద కారిన నీళ్ల జాడ బాత్రూం నుంచి కూతురి కాళ్ల దాకా ఉంది. ఆ జాడ వెంట ఆయన కళ్లు మెల్లగా నడిచి వెళ్లాయి.

నేల మీద పేపరు పరిచాడు. బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సంచిలోంచి పొట్లాలు ఒక్కొక్కటే తీసి పెట్టాడు. ఒకటి అక్క ముందు. ఒకటి భార్య వైపు. ఒకటి తన ముందు. ఇంకొకటి తీశాడు.

"నాలుగెందుకురా?" అంది మాణిక్యాంబ.

"నలుగురం గదక్కా."

"పిల్లకి పెట్టొద్దన్నారు. పెడితే ఆపరేషన్ చెయ్యరంట!"

"తెలుసు."

"తెలిసీ తెచ్చావా?" మాణిక్యాంబ లేచి నిలబడింది. కోపమో, భయమో ఆవిడకే తెలియదు. "సత్తీ, ఆ పొట్లం విప్పావంటే నా పొలం గట్టు మళ్లీ తొక్కకు. చెబుతున్నాను. నాట్లేశావు గదాని చూడను. చేనుతో సహా లాగేసుకుంటాను."

సత్తిరాజు తలెత్తి అక్కని చూశాడు. చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పిన అక్క. అమ్మ పోతే అన్నం కలిపి నోట్లో పెట్టిన అక్క. ఆ చూపులో ఏముందో సూర్యకళకి అంతుపట్టలేదు. ఎప్పటి నుంచి మెట్ల మీద నిలబడి ఉన్నాడో, ఏం విన్నాడో, ఏం వినలేదో తెలియలేదు.

ఆయన పొట్లం దారం లాగి, ఆకు విప్పి, కూతురి ముందుకి జరిపాడు.

దుర్గాశ్రీ చతికిలబడింది. ఒక ఇడ్లీ మొత్తం రెండు చేతులా పట్టుకుని కొరికింది. వేడికి కళ్లు మూసుకుని, నోరు తెరిచి, మళ్లీ నమిలింది. సూర్యకళ వచ్చి కూతురి పక్కన కూర్చుని తన పొట్లం విప్పుకుంది. వచ్చే ఏడు ఏం తింటామో తెలియదు. ఈ ఏడు తిండిగింజలు ఇంటికి వస్తాయో రావో తెలియదు. చేతిలో ముద్ద మాత్రం వెచ్చగా ఉంది.

దుర్గాశ్రీ నిండు నోటితో తలెత్తి, గోడకి ఆనుకుని నిలబడ్డ మాణిక్యాంబని చూసింది.

"అత్తా, రా" అంది. తన పక్కన పేపరు మీద చేత్తో తట్టింది.

మాణిక్యాంబ వచ్చి ఆ పక్కనే కూర్చుంది. పొట్లం విప్పింది. ముక్క తుంపింది.

ఆకుల చప్పుడు, నమిలే చప్పుడు, పంకా చప్పుడు. కింద నుంచి ఆయా, "దుర్గాశ్రీ తాలూకా ఎవరండీ, డాక్టరమ్మగారు వచ్చేశారు!" అని కేక పెట్టింది. నలుగురిలో ఒక్కరూ తల తిప్పలేదు. ఆయా మళ్లీ కేకేసింది.

ఆ కేక మీదుగా వీధిలో మోటారుసైకిలు వచ్చి ఆగిన చప్పుడైంది. మాణిక్యాంబ చేతిలో ఇడ్లీ ముక్క నోటి దాకా వెళ్లి నిలిచిపోయింది. సూర్యకళ ఆ చేతినే చూస్తోంది. మెట్ల మీద బూట్లు టకటకమని ఎక్కి వస్తున్నాయి.

సత్తిరాజు లేవలేదు. కూర్చున్నచోటి నుంచే కొంచెం పక్కకి జరిగి, గుమ్మానికీ కూతురికీ మధ్య తన వీపు అడ్డం వచ్చేలా సర్దుకున్నాడు. చట్నీ పొట్లం విప్పి కూతురి ఆకులో వేశాడు. తలవంచుకుని తను కూడా తినసాగాడు.